ఒక్క మాట వెంట తిరిగిన టీచరమ్మ

టీచరమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను, ముగ్గురు అక్కచెల్లెళ్లు తమ తమ్ముడికి రాసిచ్చే హక్కు విడుదల కాగితం టైపు చేస్తున్నాను. ప్రొద్దుటూరులో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు ఎదురుగా నాదొక చిన్న అంగడి. డాక్యుమెంట్ రైటర్‌ని. ముప్పై ఏళ్లుగా జనం అమ్ముకునేవీ, కొనుక్కునేవీ, వదులుకునేవీ నా వేళ్ల కిందనుంచే పోతున్నాయి. ఫోన్ చేసింది టీచరమ్మ తమ్ముడి కూతురు, జమ్మలమడుగు నుంచి.

"అత్త పోయిందన్నా. పొద్దున్నే టీ పెట్టుకోని సగం తాగె. బస్సుకు టయమాయె అని చెప్పుల్లో కాలు పెట్టె. ఆడనే కూలబడిపాయె," అంది.

టీచరమ్మ చావు అట్లా కాక ఇంకెట్లా ఉంటుంది అనుకున్నాను. మంచంలో పడుకుని పోయిందంటే నమ్మేవాణ్ణి కాను.

చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ క్షణాన నాకు ఏడుపు రాలేదు. గుండెల మీద బరువు దిగినట్టయింది. నాలుగేళ్ల కిందట మా అక్క ఆమెకు ఒక మాట చెప్పింది. అది నా గురించి, మా చీనీ తోట, అదే బత్తాయి తోట గురించి చెప్పిన మాట. టీచరమ్మ దాన్ని నాకు చెప్పలేదు. ఇక ఎవరికీ చెప్పదులే అనుకున్నాను. ఆ తర్వాత రెండు వరసలు కూడా టైపు చేయలేకపోయాను. ఆమె లేదంటే ఇక అక్కనే అడగాలి. నాలుగేళ్లుగా నేను తప్పించుకు తిరుగుతున్నది ఆ పనినుంచే.

ఆ సంగతికి వస్తాను. ముందు మనిషిని చూపించాలి.

మా అంగడిలో వచ్చినవాళ్లు కూచోవడానికి ఒక బల్ల ఉంది. పదిహేనేళ్లలో టీచరమ్మ ఆ బల్ల మీద కూచోగా నేను చూడలేదు. సన్నగా, పొడుగ్గా, నేత చీర కట్టుకుని, భుజానికి ఒక గుడ్డసంచి తగిలించుకుని వచ్చేది. ఈ కాలి మీద కాసేపు, ఆ కాలి మీద కాసేపు నిలబడేది. టీ తెప్పిస్తే సగం తాగి గ్లాసు కిటికీలో పెట్టి, "మిగిలింది వచ్చినాక తాగుతా" అని బస్టాండుకు పోయేది. మళ్లీ వచ్చేది వారానికో పది రోజులకో. జమ్మలమడుగులో ఆడపిల్లల బడిలో తెలుగు చెప్పి రిటైరైన మనిషి. తాతల కాలంనాడే క్రైస్తవులైన కుటుంబం. ఆదివారం ఒక్కపూట చర్చిలో కూచునేదట. మిగతా వారమంతా బస్సుల్లోనే. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల, మళ్లీ వెనక్కి.

ఎక్కడికి పోతున్నావు టీచరమ్మా అంటే ఆమెకు కోపం వచ్చేది. పోయేచోటు ఆమెకు ముఖ్యం కాదు. బస్సులో పక్కన ఎవరు కూచుంటారన్నదే ముఖ్యం. కూచున్నవాళ్లను ఒక్కటే అడిగేది. "మీ ఇంట్లో రాజీ అంటే ఏంది?"

తెలుగులో ఇన్ని మాటలుంటే ఆమె ఆ ఒక్కటే పట్టుకుంది. ఎవరేం చెప్పినా కొప్పులోంచి పెన్సిలు తీసి బస్సు టికెట్టు వెనక రాసుకునేది. మిషన్ టికెట్ల మీద అచ్చు నెల తిరక్కుండానే మాసిపోతుంది. పోయిన ఊరూ, ఇచ్చిన డబ్బూ కనబడకుండా పోయి, ఈమె పెన్సిలు రాత మాత్రం మిగిలేది. సంచిలో అట్లాంటి టికెట్లు కట్టలు కట్టలుగా ఉండేవి. ఒకసారి చెకింగ్ అతను టికెట్టు అడిగితే కట్టంతా చేతిలో పెట్టి, "దీంట్లో ఈరోజుది యాడ ఉండాదో నువ్వే చూసుకోప్పా" అందట. అతను చూసుకుంటూ చూసుకుంటూ తన మాట కూడా ఒకటి చెప్పి దిగిపోయాడట.

నా దగ్గరికి మొదటిసారి వచ్చింది పాత దస్తావేజులు చూడటానికి. నాకు పని నేర్పిన పెద్దాయన ఏ కాగితం రాసినా "నా రాజీఖుషీతో రాసి ఇచ్చిన" అనే మాటతోనే మొదలుపెట్టేవాడు. ఆయన రాసినవి కొన్ని నకళ్లు నా దగ్గర ఉండేవి. టీచరమ్మ వాటిని వెలుతురులోకి పట్టుకుపోయి, వాకిట్లో అటూ ఇటూ నడుస్తూ చదివింది. వెనక్కి వచ్చి, "ఇది ఎవరి ఖుషీ అబ్బీ?" అంది.

"ఎవరిదీ కాదు టీచరమ్మా. అట్లా రాయడం వాడుక."

"రాసిచ్చినామె నవ్వుకుంటా రాసిచ్చిందా, ఏడ్చుకుంటా రాసిచ్చిందా?"

"అది కాగితంలో ఉండదు గదా."

"అదే గదా నేను అడుగుతాండేది," అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. పొద్దున ఆరు కాగితాలు రిజిస్ట్రేషనుకు పోవలసి ఉంటే ఈమె ఒకటి. కానీ ఆమె వెళ్లిపోయాక ఆ పూటంతా ఆ మాట టైపు చేసినప్పుడల్లా వేలు ఆగింది.

పక్క అంగడి టైలర్ మామను కూడా వదల్లేదు. ఆయన చిన్నప్పుడు మదరసాలో చదివినవాడు. మిషను తొక్కుతూ ఆయనా, గడపలో నిలబడి ఈమే మాట్లాడుకున్నది నేను ఇవతలినుంచి విన్నాను.

"మామా, రాజీ అంటే మీ తట్టు ఏంది?"

"రాజీ అంటే రాజీనే టీచరమ్మా. ఒప్పుకోవడం."

"ఇష్టంగా ఒప్పుకోవడమా, ఊరక ఒప్పుకోవడమా?"

టైలర్ మామ మిషను ఆపాడు. "అరబ్బీలో అయితే సంతోషమే. పెద్ద పెద్ద మహనీయుల పేర్లు చెప్పినాక అంటాం గదా, అల్లా ఆయనతో రాజీ అయినాడు అని. అంటే ఆయన్ను చూసి అల్లా సంతోషపడినాడు అని అర్థం."

"దేవుడు సంతోషపడినాడా. మా తట్టు వాడు రాజీ పడినాడంటే, ఓడిపోయి ఇంటికొచ్చినాడని," అని టీచరమ్మ గడప పట్టుకుని చాలాసేపు నవ్వింది. తర్వాత ఆయన నోటివైపు చూస్తూ ఆ మాటను నాలుగుసార్లు పలికించుకుంది. నాలుక ఎక్కడ తగులుతోందో చెప్పమంది. ఆయనకు చెప్పడం రాక నోరు తెరిచి చూపించాడు. చివరికి ఆయనే, "నిఖాలో పిల్లని కూడా అడుగుతారు టీచరమ్మా, రాజీనా అని. ఒక్కసారి అడిగి వదిలెయ్యరు. మూడుసార్లు అడుగుతారు," అన్నాడు. టీచరమ్మ నవ్వు ఆగిపోయింది. మూడుసార్లా అని, అది రాసుకుని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

ఇట్లా ఆ మాట ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కో వేషంలో దొరికేది ఆమెకు. పటాలంలో పనిచేసి వచ్చిన పులివెందుల మనిషి ఒకాయన, తన తోటి హిందీ సిపాయిలు ఇంటికి జాబు రాస్తే "మేమంతా ఇక్కడ రాజీఖుషీ" అని మొదలుపెట్టేవాళ్లని చెప్పాడు. క్షేమంగా ఉన్నామని అర్థమట. బళ్లారినుంచి పత్తి బేరానికి వచ్చినాయన, మాకూ మీలాగే, కొట్లాట తెగకపోతే చేసుకునేదే రాజీ అన్నాడు. అన్నిటికంటే ఆమెను కుదిపేసింది మాత్రం జమ్మలమడుగు ఆస్పత్రిలో పనిచేసే మలయాళీ నర్సు. ఆ అమ్మాయి పెట్టె సర్దుకుని బస్సెక్కి, నేను రాజి పెట్టేశాను అందట. ఎవరితో గొడవ వచ్చిందమ్మా అని ఈమె ఓదార్చబోతే, గొడవేమీ లేదు, ఉద్యోగం మానేసి ఊరికి పోతున్నాను, మా భాషలో దాన్నే రాజి అంటాం అందట.

ఆ వారం టీచరమ్మ నా అంగడికి మూడుసార్లు వచ్చింది. "సంతోషం అని బయలుదేరిన మాట అబ్బీ. దావలో ఒప్పుకోవడం ఆయె. మన ఊరికొచ్చేసరికి సర్దుకోవడం ఆయె. ఇంకా కిందికి పోయేసరికి వదులుకోవడం ఆయె. యాడ జారింది ఇది? ఎవరు జార్చినారు?" నేను తల ఊపుతూ టైపు చేసుకుంటున్నాను. ఆమెకు జవాబు అక్కరలేదని నాకు అప్పటికి తెలుసు. అడగడమే ఆమెకు కావాలి.

ఆ ఊపులోనే మా ఇంటి పరువు కూడా తీసింది. మా ముత్తాత తెల్లదొరతో పడక సర్కారు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడని మా ఇంట్లో చెప్పుకునేవాళ్లం. మా నాయన పెళ్లిసంబంధాల దగ్గర దీన్ని తప్పకుండా వదిలేవాడు. ఆ రాజీనామా కాగితం మా పెట్టెలో ఉంది, ఎవరూ చదవలేదు. పాత గొలుసుకట్టు రాత. నేను గొప్ప కోసం తెచ్చి టీచరమ్మకు చూపించాను. ఆమె నిలబడి పూర్తిగా చదివి మెల్లగా మడిచింది.

"ఉద్యోగం గాదు అబ్బీ. చేను. కరువులో శిస్తు కట్టలేక, ఈ భూమి నాకొద్దు అని సర్కారుకు రాసిచ్చినాడు మీ ముత్తాత. ఆ కాలంలో దాన్ని కూడా రాజీనామా అనే అంటాండ్రి."

నాకు తల కొట్టేసినట్టయింది. టీచరమ్మ నావైపు చూడకుండా, "పాపం, దాంట్లో కూడా సంతోషంగానే రాసినట్టు ఉండాది," అంది. ఆ కాగితాన్ని మళ్లీ పెట్టెలో పెట్టేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం వదిలిన ముత్తాతే నాకు బాగున్నాడు.

అసలు విషయం ఇక్కడినుంచి మొదలవుతుంది. మా నాయన పులివెందుల దారిలో మా ఊరి దగ్గర నాలుగెకరాలు సంపాదించి, మూడు బోర్లు వేస్తే ఒకదాంట్లో నీళ్లు పడి, చీనీ తోట పెట్టాడు. ఆయన పోయేనాటికి చెట్లు మంచి కాపు మీద ఉన్నాయి. అమ్మ అంతకుముందే పోయింది. మిగిలింది నేనూ, అక్కా. అక్కను వీరపునాయునిపల్లెలో ఇచ్చారు. మా వైపు ఆడపిల్లలు తమ్ముడి పేర సంతకం పెట్టడం, తమ్ముడు చీర పెట్టి పంపించడం ఎంత మామూలో, వాటిని రాసి బతికే నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. నాయన పోయి నెల కూడా తిరక్కముందే అక్కకు ఫోన్ చేశాను. కాగితం రాసేస్తున్నాను, వచ్చి సంతకం పెట్టు అన్నాను. అక్క, సరేలే అబ్బీ, అంది. "ఒకసారి పోయి వదినను చూసి రాకూడదా," అని నా భార్య అంది. ఫోన్లో మాట్లాడినా గదా అన్నాను. వంటింట్లోకి వెళ్లిపోయింది.

కాగితం నేనే టైపు చేసుకున్నాను. ఎవరి బలవంతమూ లేకుండా, నా పూర్తి రాజీతో అని, రోజూ వేసే మాటలే వేశాను. సాక్షిగా టీచరమ్మ సంతకం పెడితే అక్క సంతోషిస్తుందనుకున్నాను. అక్క జమ్మలమడుగు హాస్టల్లో ఉండి ఆమె దగ్గరే చదువుకుంది. టీచరమ్మ కాగితం చదివి, కొప్పులోంచి తీసిన పెన్సిలు మళ్లీ కొప్పులో పెట్టుకుంది.

"అడిగినావా?"

"అడిగినా టీచరమ్మా. సరేననింది."

"యాడ అడిగినావు?"

"ఫోన్లో."

ఆమె కాగితం మడిచి నా ముందు పెట్టింది. నేరుగా బస్టాండుకు పోయి వీరపునాయునిపల్లె బస్సెక్కింది. మరుసటి రోజు మధ్యాహ్నం తిరిగి వచ్చి, ఎప్పటిలాగే గడప దగ్గర నిలబడి, "నేను సంతకం పెట్టను అబ్బీ," అంది.

"మా అక్క వద్దనిందా?"

"వద్దనలే."

"మరి సరేననిందా?"

"సరేననె."

"మరేంది టీచరమ్మా మీ బాధ?"

"మూడుసార్లు అడిగినా, మూడు తావుల్లో. మూడోసారి ఒక మాట చెప్పింది. అది నాకు చెప్పింది, నీకు చెప్పింది కాదు. నువ్వు పోయి అడుగు."

నా కోపం సంగతి నాకు తెలుసు. ఒక సంతకానికి ఇంత రాద్ధాంతం ఏమిటని అరిచాను. నీకు పిల్లా జెల్లా లేదు, ఆస్తీపాస్తీ లేదు, ఊళ్లు పట్టుకుని తిరిగే మనిషివి, నీకేం తెలుస్తుంది అన్నాను. టైలర్ మామ మిషను ఆగిపోయింది. టీచరమ్మ కళ్లు ఎర్రబడ్డాయి గానీ గొంతు మారలేదు.

"నాకు తెలుసు కాబట్టే తిరుగుతాండా," అని చెప్పడం మొదలుపెట్టింది. సర్వీసులో ఉన్నప్పుడు ఆమె దగ్గర చదివిన పిల్ల ఒకతికి నాయన పోయాడు. అన్నలు కాగితం రాసుకుని, టీచరమ్మ చదివి వినిపిస్తే పిల్ల నమ్ముతుందని ఈమె దగ్గరికి తీసుకొచ్చారు. ఈమె మొత్తం చదివి, రాజీనా పాపా అని అడిగింది. అన్నలు చుట్టూ నిలబడి ఉన్నారు. పిల్ల తల ఊపింది. ఈమె సాక్షి సంతకం పెట్టింది. చాలా ఏళ్లకు ఆ పిల్ల చంకలో బిడ్డనెత్తుకుని పులివెందుల బస్సెక్కింది. టీచరమ్మ పక్కన సీటు ఖాళీగా ఉంది. ఆమె చూసింది, గుర్తుపట్టింది, పోయి వెనక నిలబడింది. పులివెందుల దాకా నిలబడే వచ్చింది.

"పదేండ్లు దానికి మాటలకు అర్థాలు చెప్పినా అబ్బీ. తీరా అడగాల్సిన పొద్దు, తలూపితే చాలనుకుంటి," అంది టీచరమ్మ. "కొట్టింటే బాగుండు. తిట్టింటే బాగుండు. బిడ్డనెత్తుకోని అంత దూరం నిలబడె."

ఇది విన్నాక కూడా నేను ఆగలేదు. అది చెప్పకుండా దాటేయవచ్చు, కానీ చెబుతున్నాను. రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర తెలిసినవాళ్లను ఇద్దరిని పిలిచి సాక్షి సంతకాలు పెట్టించాను. అక్క బస్సులో వచ్చింది. లోపల ఆఫీసరు ఇష్టపూర్వకంగానేనా అమ్మా అని అడిగాడు, ఆఁ అంది. వేలిముద్ర వేసింది, ఫొటోకు తల ఎత్తి చూసింది. బయటికొచ్చాక చీర పెట్టాను, భోజనం పెట్టించాను, బస్సెక్కించాను. అంతా సవ్యంగా జరిగిపోయింది.

టీచరమ్మ పది రోజులు తిరక్కుండా వచ్చింది. ఏమీ జరగనట్టు సగం టీ తాగింది. నేను అన్న మాటలను ఎత్తలేదు, కాగితం ఏమైందని అడగలేదు. ఆ రోజునుంచి నాకు పట్టుకుంది. మా అక్క ఏం చెప్పి ఉంటుంది? తిట్టి ఉంటుందా? నన్ను గురించి ఆ నాలుగు రోడ్ల మనిషి దగ్గర ఏడ్చి ఉంటుందా? అక్కను చూస్తే మాత్రం ఏ తేడా లేదు. వచ్చేది, నవ్వేది, నా పిల్లలకు జడలు వేసేది. తోటలో కాయ దించినప్పుడు ఒక బస్తా పంపిస్తే పోయి చేరిందని ఫోన్ చేసేది. తోటలో ఏ చెట్టు ఎట్లా ఉందని మాత్రం ఎన్నడూ అడగలేదు. ఆ చెట్లలో సగానికి మొక్కలప్పుడు బిందెతో నీళ్లు మోసింది ఆమె. నేను ఆమె ముఖంలోకి చూసి వెతికేవాణ్ణి, ఏమీ దొరికేది కాదు. టీచరమ్మ గడపలోకి వస్తే ఈరోజు చెబుతుందేమోనని భయం, వెళ్లిపోతే చెప్పలేదే అని బాధ. పని చేస్తూ చేస్తూ లేచి వాకిట్లో తిరగడం నాకు అలవాటైంది.

జమ్మలమడుగులో టీచరమ్మ భూస్థాపనకు అక్క నాకంటే ముందే వచ్చి ఉంది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. బస్సు కండక్టర్లు ఇద్దరు యూనిఫారంలోనే వచ్చి చివర నిలబడ్డారు. టైలర్ మామ టోపీ పెట్టుకుని వచ్చి, మట్టి వేసి, నోట్లో ఏదో అనుకున్నాడు. నేనూ మట్టి వేశాను. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. నీకేం తెలుస్తుంది అన్న మాటకు నాలుగేళ్లలో ఒక్కసారి కూడా క్షమించమని అడగలేదు. అడుగుదామంటే ఆమె వందసార్లు వచ్చి నా గడపలోనే నిలబడింది.

తిరిగి వచ్చేటప్పుడు ప్రొద్దుటూరు బస్సులో అక్క కిటికీ పక్కన, నేను ఇవతల కూచున్నాం. ఊరు దాటాక అడిగేశాను.

"అక్కా, ఆ పొద్దు టీచరమ్మకు ఏం చెప్పినావు?"

ఏ పొద్దు అని అక్క అడగలేదు. "నాలుగేండ్లు పట్టెనా నీకు, ఇది అడగడానికి," అంది.

"చెప్పు."

"మొదట ఇంట్లో అడిగె. మీ బావ, మా అత్త ఉండారు. సరేనంటి. చేని కాడికి వచ్చి మళ్లీ అడిగె. సరేనంటి. బస్టాండుకు నడుస్తాంటే ఇంగోసారి అడిగె. అప్పుడు చెప్పినా. తమ్ముడు వచ్చి నా పక్కన కూచ్చోని, అక్కా, తోట నాకిస్తావా అని అడిగితే నవ్వుకుంటా ఇస్తా. అడక్కపోయినా సంతకం పెడతా, వాడు నా తమ్ముడు గదా. కాకపోతే ఆ రెండూ ఒకటే అని కాగితంలో రాయొద్దు అంటి."

బస్సు కుదుపుకు ముందు సీటు కడ్డీ పట్టుకున్నాను. "ఈ మాట ఆమె నాకు చెప్పింటే అప్పుడే వస్తాంటి గదా."

"వస్తాంటివి. ఆమె చెప్పిందని వస్తాంటివి. అందుకే నీకు చెప్పొద్దని నేనే ఒట్టేయించుకుంటి."

కడ్డీ వదిలి ఆమెవైపు తిరిగాను. "ఇప్పుడు అడుగుతాండా అక్కా."

"ఏమని?"

"తోట నాకిస్తావా అని."

అక్క కిటికీ బయటికి చూసింది. తర్వాత నావైపు తిరిగి, "లేదబ్బీ. ఇప్పుడైతే ఇయ్యను. నాకు సగం కావాల," అంది.

అప్పుడు ఇస్తానంటివి గదా అన్నాను.

"అప్పుడు నాయన పోయి నెల కూడా కాలే. నాకు ఆ పొద్దు తోట అక్కరలే, నువ్వు వచ్చి పక్కన కూచ్చుంటే చాలనుకుంటి. నువ్వు రాలే. ఇప్పుడు నాకు తోటే కావాల. మీ బావకు నడుం లేవడం లేదు. పాపకు ఇంటరు అయిపాయె. సగం చెట్లు, బోరు నీళ్లలో సగం వంతు."

కోపం రాలేదంటే అబద్ధం. ఎండాకాలంలో ట్యాంకర్లు తోలించి చెట్లను బతికించింది నేను. కొత్త మోటారు దించింది నేను. అవన్నీ నోటిదాకా వచ్చాయి. కానీ అక్క గొంతు తగ్గించకుండా చెప్పింది. ముందు సీటువాళ్లు తిరిగి చూసినా తగ్గించలేదు. మా అక్క నన్ను ఏదైనా కావాలని అడగడం నాకు బుద్ధి తెలిశాక అదే మొదలు. నాకు ఎక్కడో సంతోషం కూడా కలిగింది, దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు.

"సరే. రేపే రాసేస్తా," అన్నాను.

"రేపు వద్దు. ఆయమ్మను పూడ్చిపెట్టి వస్తాండాం. ఈ ఏడుపులో నేను ఏమడిగినా ఇస్తావు నువ్వు. నాకు అట్ల వద్దు. ఇంటికి పో. నీ పెండ్లాన్ని అడుగు. ఈ నాలుగేండ్లు నీతోపాటు ఆ చెట్ల కాడ ఎండకు ఎండింది ఆ పిల్లే. ఆ పిల్ల ఏమంటుందో విని, అప్పుడు చెప్పు. లేదన్నా నేనేమీ అనుకోను. లేదంటే లేదనే చెప్పు."

ప్రొద్దుటూరు బస్టాండులో దిగాం. అక్క వీరపునాయునిపల్లె బస్సెక్కింది. నేను అంగడికి పోకుండా నడుచుకుంటూ ఇంటికి వచ్చాను.

ఇది జరిగి ఎనిమిది రోజులైంది. రోజూ సాయంత్రం ఇంటికి పోతాను. నా భార్య అన్నం పెట్టి ఎదురుగా కూచుంటుంది. నేను రెండు ముద్దలు తిని లేచి వాకిట్లో తిరుగుతాను. "ఏంది, ఒక తావ నిలబడకుండా అట్ల తిరుగుతాండావు," అంటుంది. తోట విషయంలో ఆమెను ఏదీ ఎప్పుడూ అడిగింది లేదు. కలిసి పనిచేశాం, అంతే. ఇప్పుడు అడిగితే ఆమె ఏమంటుందో నాకు తెలియడం లేదు. మాకు పెళ్లయి ఇరవై ఆరేళ్లయింది.